కాలియెముక విరిగినచో చీలమండను మరువరాదు



అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మన దాచేపల్లి మీదుగా పోవుచున్నది. సున్నపురాతి లారీలు, మిరపబస్తాల ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు అన్నియు ఆ త్రోవనే నడచును. బండిమీదనుండి పడినవారికి మోకాలి క్రింది పెద్దయెముక విరుగుట తరచు. ఆ విరుపుతోడి మరియొక విరుపును గూర్చి సభ్యులకు తెలుపగోరుచున్నాము.

కాలు మెలిపడి పెద్దయెముక క్రిందిభాగమున విరిగినప్పుడు, చీలమండ వెనుక అంచు గూడ పెక్కుమార్లు చీలును. పైనొప్పి మిక్కుటమగుటచే ఈ చీలిక మరుగునపడును. మామూలు ఎక్స్‌రేలో నొక్కొక్కప్పుడు కనబడకయే పోవును, సి.టి. పరీక్షలో బయటపడును. కావున "చీలమండను గూడ పరీక్షించితిరా?" అని వైద్యుని తప్పక అడుగవలెను.

శస్త్రచికిత్సలో ఎముక నడిమి బోలున లోహపుకడ్డీని దింపి, పైనను క్రిందను మరమేకులతో బిగింతురు. ఇట్టి కడ్డీని 1940లో జర్మనీ వైద్యుడు కూంచర్ తొడయెముకకు వాడి లోకమునకు తెలిపెను. కడ్డీ దింపునప్పుడు చీలమండ చీలిక చెదరవచ్చును. అందుచేత పెక్కుమంది వైద్యులు ముందు చీలికను మరమేకుతో బిగించి, పిదప కడ్డీని దింపుదురు. విరుపు కీలునకు మిక్కిలి చేరువైనచో లోహపురేకును అమర్తురు. వాపు హెచ్చుగా నున్నచో అది తగ్గువరకు కొన్నిదినములు ఆగుదురు; దానిని అశ్రద్ధ యనుకొనరాదు.

పుత్తూరుకట్టు తెలుగునాట ప్రసిద్ధమైనది. దానిని మేము నిందింపము. కాని కీలులోనికి చీలిన యెముకను పైకట్టు సరిగా కూర్చజాలదు. కీలు నునుపు చెడినచో నొప్పియు, బిగుసుకొనిపోవుటయు జీవితాంతము వెంటాడును. కుంటువడిన కాలితో అరక పట్టుటెట్లు? మిరపతోటకు మందు కొట్టుటెట్లు?

ప్రమాదము జరిగినంతనే 108కు ఫోను చేయుడు. కాలిని లాగి సరిచేయ ప్రయత్నింపక, ఉన్నదున్నట్లుగా బద్దలు పెట్టి, మోకాలును చీలమండయు కదలకుండ వదులుగా కట్టుడు. గాయమున్నచో శుభ్రమైన గుడ్డ కప్పుడు; పసుపు, ఆకుపసరు పెట్టకుడు. వ్రేళ్లు చల్లబడినను, తిమ్మిరెక్కినను, వానిని కదపగనే భరింపరాని నొప్పి కలిగినను తక్షణమే వైద్యునకు తెలుపవలెను. కొన్నిగంటల ఆలస్యముచేతనే కండరములు చచ్చును.

2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు ప్రభుత్వ పథకము క్రింద ఖర్చు తీరునేమో ఆసుపత్రిలో నడుగుడు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి మనకు అందుబాటులో నున్నది.

ఎముక అతుకుటకు నెలలు పట్టును. వైద్యుడు చెప్పకమున్నే కాలిపై బరువు మోపరాదు. చుట్ట, బీడీ అతుకును ఆలస్యము చేయును, మానవలెను. ఇక తోడి సభ్యులకొక మనవి: పొరుగువాడు మంచమున నున్న నెలలలో అతని కోతను గట్టెక్కింపుడు. పని పాడగునను దిగులుతోనే పెక్కురు ముందుగా లేచి కాలు చెడగొట్టుకొందురు. ఆ దిగులు తీర్చుటయే సహకారము.