ఉమ్మడి లెక్కకు ఒక్క కావలి

సహకార సంఘమునకు లెక్కయే ప్రాణము. ఋణమిచ్చుటయు, వసూలు చేయుటయు, ఎరువులమ్ముటయు ఆ లెక్కపై సభ్యులుంచిన నమ్మకముచేతనే సాగుచున్నవి. పూర్వము ఒక గుమాస్తా ఆవర్జా విప్పి వ్రాయుచుండగా రెండవవాడు తన వంతుకై వేచియుండెడివాడు. నేడు ఆవర్జా స్థానమున కంప్యూటరు వచ్చినది. దేశమందలి 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకై 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఆ పథకమున చేరిన సంఘములకు ఉమ్మడి సాఫ్టువేరు కలదు. అయినను అంగడి, గిడ్డంగి లెక్కలను తమ కార్యాలయమునందే ఉంచుకొనదలచు సంఘములకు ఉపయోగించునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

లెక్కల ఫైలును ఒక కంప్యూటరులోని ఫోల్డరునందుంచి, దానిని తక్కిన కంప్యూటరులకు తెఱచియుంచుట సులభోపాయముగా కన్పట్టును. ఇందలి యపాయమును గమనింపుడు. ఒక రైతు బాకీ 42,000 రూపాయలనుకొందము. అతడు వసూలు బల్లకడ 12,000 చెల్లించును. అదే సమయమున అతని కుమారుడు అంగడిలో 3,000 రూపాయల ఎరువు అరువుగా తీసికొనును. ఇద్దరు గుమాస్తాలును 42,000 అను అంకెనే చూచిరి. మొదటివాడు 30,000 అని వ్రాసెను. క్షణము తరువాత రెండవవాడు దానిపై 45,000 అని వ్రాసెను. ఉండవలసినది 33,000. దొంగ యెవడును లేడు. అయినను రైతు కట్టిన పండ్రెండువేలును లెక్కలో లేకపోయినవి.

దీనికి నివారణము ఫైలును పంచుకొనుట మాని, దానికొక కావలివానిని నియమించుట. ఆ కావలియే డేటాబేసు సర్వరు. పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ మున్నగునవి వెల లేకుండ లభించుచున్నవి. ఒక కంప్యూటరును ఇందులకే ప్రత్యేకించి, తక్కినవి దానికి విన్నపములు మాత్రమే పంపవలయును. ఒక ఖాతాను ఒకరు దిద్దుచుండగా ఆ ఖాతానే దిద్దవచ్చిన రెండవవానిని సర్వరు నిలుపగలదు. ఋణము తగ్గించుట, వడ్డీ జమకట్టుట, రొక్కము పెంచుట అను మూడు పద్దులను ఒక్క ముడిగా కట్టినచో, నడుమ కరెంటు పోయినను మూడును నిలుచును లేదా మూడును నిలువవు; సగము పని మిగులదు. అయితే సాఫ్టువేరు వ్రాయువారును జాగరూకులై యుండవలయును. పాత నిలువను చెఱిపి క్రొత్త నిలువ వ్రాయుట గాక, వచ్చినదానిని పోయినదానిని చిట్టావలె వేర్వేరు పద్దులుగా వ్రాసి, వానినుండి నిలువ తీయుట క్షేమకరము.

ఇక ఏర్పాటు. గుమాస్తాల యంత్రములను, సర్వరును ఒక స్విచ్చికి కేబులుతో కలుపుట మేలు. సర్వరునకు మాఱని చిరునామా నీయవలయును. లేనిచో ఒకనాటి యుదయమున ఎవరికిని అది కనబడదు. స్థాపించిన క్రొత్తలో పోస్ట్‌గ్రెస్ తానున్న యంత్రము మాటనే వినును. ఇతర యంత్రముల మాట వినుమనియు, ఏ చిరునామాలవారిని రానీయవలయుననియు దాని అమరిక ఫైళ్లలో వ్రాయవలసియుండును. అది సామాన్యముగా 5432 అను ద్వారమున వినును. ఆ ద్వారమును కార్యాలయపు యంత్రములకే తెఱువుడు. ఇంటర్నెట్టుకు ఎన్నడును తెఱువకుడు. యూపీఎస్ తప్పక యుండవలయును.

గుమాస్తాలందఱికి ఒకే పాస్‌వర్డు ఇచ్చుట ఇనుపపెట్టె తాళమును వీధిలో వ్రేలాడదీయుటయే. ఎవరి పేర వారికి ప్రవేశముండవలయును. గుమాస్తాకు చూచుటకును, పద్దు చేర్చుటకును అధికారము చాలును, చెఱపుటకు వలదు. తప్పు దొరలినచో ఎదురుపద్దు వ్రాసి సరిదిద్దవలయును. అప్పుడే ఎవరు, ఎన్నడు, ఏమి వ్రాసిరో తనిఖీదారునకు తెలియును.

ప్రతిదినము సాయంకాలము లెక్కకు నకలు తీయుడు. ఒక నకలు కార్యాలయము వెలుపల నుండవలయును. అగ్ని, వరద, చోరులు యంత్రమును నకలును వేఱుగా చూడవు. నెలకొకసారి ఆ నకలును మఱియొక యంత్రముపై తెఱచి సరిచూడుడు. తెఱచి చూడని నకలు మొలక పరీక్షింపని విత్తనము వంటిది.

రైతు సోదరులారా! ఈ పనులన్నియు తెలిసినవారు చేసెదరు. కాని సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలడుగుట మీ హక్కు: మన లెక్కకు కావలి ఎవరు? తాళములు ఎవరెవరి చేత నున్నవి? నకలును కడపట ఎన్నడు తెఱచి చూచితిరి? సొమ్ము కట్టిన ప్రతిసారియు రసీదు పుచ్చుకొని, పాసుపుస్తకముతో సరిచూచుకొనుడు. యంత్రమెంత మంచిదైనను, తన లెక్కను తాను చూచుకొను సభ్యుడే సంఘమునకు కడపటి కావలి.