ఒక్క ఫోనుకు 46 బస్తాల ధాన్యం!

పల్లెల్లో ఇప్పుడు కుర్రకారు నోట ఐఫోన్ మాటే. కొనివ్వమని కొడుకుల పట్టు, డబ్బెక్కడిదని తండ్రుల బెంగ. ఇంతకూ అది ఆ ధర చేస్తుందా?

2024 సెప్టెంబరులో విడుదలైన ఐఫోన్ 16 ప్రారంభ ధర 79,900 రూపాయలు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300. అంటే 75 కిలోల బస్తా 1,725 రూపాయలు. లెక్క కడితే ఫోనుకు 46 బస్తాల పైమాటే. ఎరువులు, కూలీలు, కోత ఖర్చులు ఇంకా తీసివేయనే లేదు! పైగా పెట్టెలో చార్జరు రాదు, విడిగా కొనాలి. ఏడాది తిరిగి 2025లో కొత్త రకం రాగానే ఇదే ఫోను ధర 69,900కు దిగింది.

ఫోను నాసిరకమని ఎవరూ అనరు. ఫొటోలు బాగా వస్తాయి. ఏళ్ల తరబడి కొత్త సాఫ్ట్‌వేర్ అందుతుంది. అయితే వాట్సాప్, ఫోన్‌పే, వాతావరణ కబురు, మార్కెట్ ధరలు చవక ఫోనులోనూ వస్తాయి. 2022 మార్చి నుంచి బటన్ల ఫోనులో కూడా యూపీఐతో డబ్బు పంపవచ్చు. టవరు సిగ్నల్ అందని ఊళ్లో ఎంత ఖరీదైన ఫోనైనా మూగదే. నీళ్లకు తట్టుకుంటుందంటారు గాని, నీరు చేరి చెడితే వారంటీ వర్తించదు.

వాయిదాల మీద ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు. కాని పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే చేతికొస్తుంది. వాయిదా మాత్రం నెలనెలా తరుముతుంది. ఫొటోలు, వీడియోలు తీసి బతికేవారికి అది పనిముట్టు. మిగిలిన ఇళ్లలో తండ్రీ కొడుకులు ముందు బస్తాల లెక్క వేసుకుని, ఆ తర్వాతే దుకాణం మెట్లెక్కడం మంచిది.