పాపాయికి పౌడర్ అవసరమా?

ఉద్దానం తీరంలో ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. వేసవి వస్తే చాలు, నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతాల్లో పసిపిల్లల మెడ మడతల్లో, చంకల్లో, వీపు మీద చెమటకాయలు లేస్తాయి. స్నానం కాగానే అమ్మమ్మ చేతిలో పౌడర్ డబ్బా సిద్ధం. చల్లగా ఉంటుందని, మంచి వాసన వస్తుందని ఒళ్లంతా అద్దేస్తారు. నిజానికి బిడ్డ చర్మానికి దానితో పనే లేదు.

టాల్క్‌తో తంటా

టాల్క్ అనే ఖనిజాన్ని మెత్తగా పొడి చేస్తే టాల్కమ్ పౌడర్ అవుతుంది. భూమిలో టాల్క్ దొరికేచోటే ఒక్కోసారి క్యాన్సర్ కారకమైన ఆస్‌బెస్టాస్ కూడా ఉంటుంది. జాన్సన్ అండ్ జాన్సన్ బేబీ పౌడర్‌పై 2018 డిసెంబరులో రాయిటర్స్ కథనం వెలువడ్డాక మన దేశంలోనూ నమూనాలు సేకరించి పరీక్షించారు. వాటిలో ఆస్‌బెస్టాస్ లేదని తేలినట్లు 2019లో ఆ సంస్థ ప్రకటించింది. ఆరోపణలను ఖండిస్తూనే, 2023లో ప్రపంచమంతటా టాల్క్ మానేసి మొక్కజొన్న పిండి పౌడర్‌కు మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో చేర్చింది.

అసలు ముప్పు ఊపిరికి

క్యాన్సర్ మాట అలా ఉంచితే, పౌడర్‌తో వెంటనే ఎదురయ్యే ముప్పు ఊపిరితిత్తులకే. గాల్లో లేచిన సన్నటి రేణువులను బిడ్డ పీల్చేస్తుంది. డైపర్ మార్చేటప్పుడు ఆడుకోమని డబ్బా చేతికిస్తే, మూత ఊడి ముఖం మీద ఒలికిపోవచ్చు. మొక్కజొన్న పిండి పౌడరైనా పీలిస్తే ప్రమాదమే.

చర్మం గుండానూ రసాయనాలు ఒంట్లోకి వెళ్తాయి. ఫ్రాన్స్‌లో 1972లో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారిణి పొరపాటున ఎక్కువ మోతాదులో కలిసిన బేబీ పౌడర్ వాడి 36 మంది పిల్లలు చనిపోయారు.

ఇలా చేయండి

* చెమట పట్టినప్పుడు తడిగుడ్డతో తుడిచి, మడతలను పొడిగుడ్డతో మెల్లగా అద్దండి. వదులైన నూలు బట్టలు వేయండి. గాలి ఆడితే చెమటకాయలు వాటంతటవే తగ్గుతాయి. వాటిపై నూనె రాయొద్దు.
* చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.
* సబ్బు, షాంపూ కొనేటప్పుడు సువాసనలు కలపనివి ఎంచుకోండి.
* ఇంట్లో పౌడర్ డబ్బా ఉంటే పిల్లలకు అందకుండా పెట్టండి.
* పౌడర్ పీల్చి బిడ్డ ఉక్కిరిబిక్కిరైతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. దగ్గు తగ్గిందని ఊరుకోవద్దు. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావొచ్చు, పెదాలు నీలంగా మారొచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి.

బారసాలకు వెళ్తూ పౌడర్, షాంపూ ఉన్న గిఫ్ట్ ప్యాక్ కొనడం మనకు అలవాటు. ఈసారి ఆ డబ్బుతో రెండు మెత్తటి నూలు జుబ్బాలు కొనండి. ఉక్కపోతలో బిడ్డకు హాయినిచ్చేది అవే.