నూరుతో మొదలయ్యే చిరునామా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద నడిచినవాళ్లకు ఆ తీగల సంగతి చెప్పక్కర్లేదు. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో స్తంభం నుంచి స్తంభానికి, డాబా నుంచి డాబాకి నల్లటి ఫైబర్ తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపులో కరెంటు తగిలి మనుషులు చనిపోయిన తర్వాత స్తంభాల మీది తీగలు కోసేసినప్పుడు నగరంలో ఎన్నో కాలనీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. అక్కడ అమ్మానాన్నలున్న మనకు ఇక్కడ డాలస్‌లో నిద్ర పట్టలేదు.

ప్లాను ఎంచుకోవడం, రౌటర్ పాస్‌వర్డు మార్చడం మీకు తెలిసినవే. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు నేను అనుకున్నది ఒక్క విషయమే. దానివల్ల నేను పోగొట్టుకున్నది తిరిగి రాదు.

మూడేళ్ల కిందట సెలవుకి చైతన్యపురి వెళ్లినప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి, రౌటర్‌కి తీగతో కలిపి, నాన్న గదిలో పెట్టాను. అందులో అమ్మమ్మ బతుకమ్మ పాటలు, మంగళహారతులు నాలుగు గంటల పైచిలుకు రికార్డింగులున్నాయి. బయటినుంచి అందేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. ఇంట్లో వైఫై మీదే పరీక్షించాను. పనిచేసింది. కాపీ డాలస్ చేరాక తీరిగ్గా తీసుకోవచ్చనుకుని విమానం ఎక్కాను.

డాలస్ నుంచి ఎంత ప్రయత్నించినా తలుపు తెరుచుకోలేదు. నాన్నకి ఫోన్ చేస్తే, "ఎర్ర లైటేం లేదు బిడ్డా, అన్నీ పచ్చగనే ఉన్నయి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, కనెక్షన్‌లో ఏ లోపమూ లేదు. నాకు అసలు కారణం అర్థమయ్యేలోపే హార్డ్ డిస్క్ పోయింది. అమ్మమ్మ అప్పటికే లేదు.

కారణం ఇది. ఐపీవీ4 చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. 2011 ఏప్రిల్ నాటికే వాటిని పంచే ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ చివరి విడతకు వచ్చేసింది. అందుకని చాలా కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతాయి. ఆ లోపలి వాడకానికే 2012లో 100.64 నుంచి 100.127 దాకా 42 లక్షల చిరునామాలు కేటాయించారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ని తలచుకోండి. ఇంటి నంబరు ఒక్కటే, లోపల వందమంది పిల్లలు. బయటికి వెళ్లేవాళ్లని ఎవరూ ఆపరు. బయటినుంచి వచ్చిన మనిషి ఏ గదికో వాచ్‌మన్‌కి తెలియకపోతే గేటు దగ్గరే ఆగిపోతాడు. మన రౌటర్‌లో పెట్టిన ఫార్వర్డింగ్ మన గది తలుపుకే. గేటు కంపెనీ చేతిలో ఉంది.

కాబట్టి ఊళ్లో ఉండగానే రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో 'నా ఐపీ ఎంత' అని వెతికితే వచ్చే నంబరుతో పోల్చండి. రెండూ వేరైతే మీరు కూడా హాస్టల్లో ఉన్నట్టే. 192.168 అని కనిపిస్తే మాత్రం కంపెనీ పెట్టిన డబ్బానే ముందు మరో రౌటర్‌గా పనిచేస్తోందని అర్థం, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌కి మార్చమని అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పరీక్షించండి. నేను చేయనిది ఈ ఒక్క పనే.

నెలకింత కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవచ్చు. నేను మాత్రం ఇంటినే బయటికి పిలవనిచ్చాను. పబ్లిక్ చిరునామా ఉన్న చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, ఇంటి ల్యాప్‌టాప్ నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేశాను. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. ఇంటివైపు సెట్టింగుల్లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 అని తప్పకుండా రాయండి. 25 సెకన్లకోసారి పలకరింపు లేకపోతే గేటు మనల్ని మరిచిపోతుంది, బయటినుంచి పిలిస్తే ఇల్లు పలకదు. కరెంటు పోయి వచ్చినా సొరంగం దానంతటదే లేచేలా బూట్‌లో పెట్టండి. ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డు తీసేసి తాళంచెవి ఫైలు మాత్రమే ఉంచండి.

కంప్యూటర్లలో తెలుగును నిలబెట్టే పనులు మనవాళ్లకు కొత్త కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున గారు అమెరికాలో ఉండే ఆ పని చేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులో మాట్లాడించారు. ఇంత చేసిన జాతి తన ఇంటి పాటల్ని ఒకే డిస్క్‌లో వదిలేయకూడదు. ఈసారి వెళ్లినప్పుడు అమ్మమ్మలనీ నానమ్మలనీ పాడమని అడగండి, ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టండి, అక్కడ ఉండగానే ఒక కాపీ చేతిలో పట్టుకుని రండి.

పోయిన పాటల్ని ఇప్పుడు అమ్మ, పిన్ని కూర్చుని గుర్తున్నంతవరకు పాడుతున్నారు. హైదరాబాద్‌లో రాత్రి రెండున్నరకి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం వాటిని మా ఇంటికి తెస్తుంది. పోయినవారం వచ్చిన ఫైలు పేరు 'అమ్మమ్మ-బతుకమ్మ-07'. మూడో చరణం దగ్గర పిన్ని ఆగి, "తర్వాత ఏముందక్కా?" అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి అందుకుంది.