వాము వేరు... వాము నూనె వేరు!

సంక్రాంతి వెళ్లిన వారం. ఆదోని నుంచి మా చెల్లెలు కూతురిని తీసుకుని ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చింది. పాపకు ఏడాదిన్నర. జలుబుతో రాత్రంతా నిద్రలేదు. మా అత్తమ్మ నీలగిరి తైలం తెచ్చి ఛాతీకి రాసి, సీసా మంచం మీదే పెట్టి వంటింట్లోకి వెళ్లింది. రెండే నిమిషాలు! పాప సీసా నోట్లో పెట్టేసుకుంది. ఎంత మింగిందో తెలీదు. ముందు దగ్గు, ఆ తర్వాత మగత.

"ఏం గాదులేమ్మా, ఆకుల నూనె గదా! ఉప్పునీళ్లు తాపి కక్కిస్తే సరిపోతాది" అంది అత్తమ్మ. నాకెందుకో ధైర్యం చాలలేదు. ఆటో ఎక్కి ఆసుపత్రికి పరుగెత్తాం.

"కక్కించకుండా తెచ్చి మంచిపని చేశారు. కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం" అన్నారు డాక్టరుగారు. రాత్రంతా కనిపెట్టుకుని చూశారు. తెల్లారేసరికి పాప నవ్వింది. అంతవరకూ బిగబట్టుకున్న మా చెల్లెలు అప్పుడు బావురుమంది.

'ఆకుల నూనె గదా!' ఈ మాటే మనల్ని మోసం చేసేది.

చిటికెడు గింజలు, చెంచాడు నూనె

వాము మన జిల్లా పంట. కర్నూలు మార్కెట్ యార్డుకు బస్తాల్లో వస్తుంది. కడుపునొప్పి అంటే చిటికెడు వాము నమలమంటాం. అందులో తప్పులేదు. కానీ కిలో వాములో ఉండే తైలం సుమారు 20 నుంచి 40 గ్రాములే. అంటే ఒక్క చెంచాడు వాము నూనె తీయాలంటే 100 గ్రాములకు పైనే గింజలు కావాలి! అన్ని గింజలు ఒక్కసారిగా ఎవరైనా మింగుతారా? నీలగిరి, లవంగం, పుదీనా తైలాలూ ఇంతే. ఇవి వంటనూనెల్లాంటివి కావు. ఆవిరి పట్టి తీసిన చిక్కటి సారం.

వాపు నిజంగా తగ్గుతుందా?

మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. గుంట మగ్గంలో కూర్చుని నేసేవాళ్లకు మోకాళ్లు, నడుము నొప్పులు మామూలే. "రాసినంతసేపు హాయిగా ఉంటాదక్కా, మళ్లా అదే నొప్పి" అంటుంది మా పక్కింటామె.

ఆమె మాటలో నిజముంది. పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చర్మంలోని చలిని గుర్తుపట్టే నరాలను తట్టిలేపుతుంది. మెదడు ఆ చల్లదనాన్ని పట్టించుకుని నొప్పిని కాసేపు మరుస్తుంది. మిరపకాయ మంటను, ఈ చల్లదనాన్ని ఆధారంగా చేసుకుని శరీరం వేడినీ చలినీ ఎలా గుర్తిస్తుందో కనిపెట్టిన శాస్త్రవేత్తలకే 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, నీలగిరిలోని సినియోల్ వాపును తగ్గించగలవని ఎలుకల మీద, కణాల మీద చేసిన పరీక్షల్లో తేలింది. కానీ ఎలుకలో తగ్గినదంతా మన మోకాల్లో తగ్గుతుందని కాదు. నొప్పుల మందుల్లో వాడే వింటర్‌గ్రీన్ తైలం ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. చర్మం గుండా రక్తంలోకి కూడా పోతుంది. అందుకే రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు.

పాత నేస్తాలే, అయినా...

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ మనకు ఇంటి మనుషుల్లాంటివి. వాటిలోనూ ఉండేవి ఇలాంటి తైలాలే, కాకపోతే కొలత ప్రకారం. ఆ కొలత దాటితేనే చిక్కు. అమెరికాలో 1983 నుంచి ఇలాంటి పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని నియమం ఉంది.

దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రుల్లో నాలుగేళ్లపాటు 350 మంది మూర్ఛ రోగులను పరిశీలించిన డాక్టర్లు, 55 మందిలో మూర్ఛకు ఇలాంటి తైలాలతో సంబంధం ఉందని 2021లో ప్రకటించారు. ఎక్కువగా కనిపించినవి నీలగిరి, కర్పూరమే!

ఇవి గుర్తుంచుకోండి

* రెండేళ్లలోపు పిల్లలకు నీలగిరి, కర్పూరం, మెంథాల్ ఉన్నవి డాక్టరును అడక్కుండా రాయొద్దు. ముక్కులో చుక్కలు అసలే వద్దు.

* ఉత్త తైలం ఒంటికి పూయొద్దు. చెంచాడు కొబ్బరినూనెలో ఒకటి రెండు చుక్కలు చాలు. ముందు మోచేతి మడతలో రాసి ఒకరోజు చూడండి.

* తైలం రాసిన చోట గట్టిగా కట్టు కట్టొద్దు, కాపడం పెట్టొద్దు. చర్మం కాలుతుంది.

* గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి.

* కీలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే తైలంతో కాలం గడపొద్దు.

* పూజగదిలో కర్పూరం బిళ్లలు పిల్లల కంటికి పటికబెల్లంలా కనిపిస్తాయి. ఒక్క గ్రాము కూడా పసివాళ్ల ప్రాణం మీదికి తేవచ్చు.

* మింగితే కక్కించొద్దు. సీసా చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మా ఇంట్లో తైలం సీసా ఇప్పటికీ ఉంది. కాకపోతే బీరువా పై అరలో, తాళం వేసి. తాళంచెవి మా అత్తమ్మ కొంగుకే ఉంది. "ఎవరికైనా గావాలంటే నన్నడగండి" అంటుంది. అడిగినవాళ్లకు ఆ రాత్రి సంగతి చెప్పకుండా మాత్రం ఇవ్వదు.