ఏపీ, కర్ణాటక బండ్లతో హైదరాబాద్ వచ్చారా? నంబర్ ప్లేట్ విషయంలో పొరపడొద్దు

పిల్లల చదువుల కోసమో, ఉద్యోగం కోసమో కర్నూలు, గుంటూరు, బీదర్, గుల్బర్గాల నుంచి హైదరాబాద్‌కు మకాం మార్చే కుటుంబాలు సామానుతో పాటు సొంత బండినీ తెచ్చుకుంటాయి. మెహదీపట్నంలోనో మలక్‌పేటలోనో కిరాయికి దిగాక చూస్తే, గల్లీల్లో ఏపీ 13, ఏపీ 11 నంబర్ల బండ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. ‘వీటిని ఎవరూ ఆపట్లేదు, మనదీ ఏపీ బండే కదా’ అని ధీమాగా ఉండిపోతారు. చిక్కంతా ఈ ధీమాతోనే.

ఆ బండ్లు బయటివి కావు. 2014 జూన్ 2కు ముందు, ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాద్‌లోనే రిజిస్టర్ అయినవి. ఏపీ 11 మలక్‌పేటది, ఏపీ 13 మెహదీపట్నం వైపుది. ప్లేటు మీద పాత అక్షరాలున్నా అవి ఇక్కడి బండ్లే. కర్నూలు ఏపీ 21 గానీ, 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే కోడ్‌గా మొదలైన ఏపీ 39 గానీ అలాంటివి కావు. కర్ణాటక కేఏ బండి ఎలాగో ఇక్కడ అవీ అలాగే, పొరుగు రాష్ట్రపు బండ్లే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండైనా దేశమంతటా తిరగొచ్చు. పెళ్లికో, రంజాన్ షాపింగ్‌కో వచ్చి వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. అయితే 12 నెలలు దాటి బండిని వేరే రాష్ట్రంలో ఉంచుకుంటే, అక్కడి నంబర్ తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. ఇందుకు ముందుగా పాత ఆర్టీఓ ఆఫీసులో ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కూడా కావాలి. ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడి ఆర్టీఏలో దరఖాస్తు చేసి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. జేబుకు బరువయ్యేది ఇదే, చాలామంది వాయిదా వేసేదీ ఇందుకే. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంది. ఆ దరఖాస్తు పెట్టేవాళ్లే తక్కువ.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు ఈ 12 నెలల మాట అసలు వర్తించదు. బీదర్‌లో చవగ్గా దొరికిందని కారు కొని తెచ్చుకుంటే, పేరు మార్పిడికి కొన్నవారు 30 రోజుల్లోనే తాము ఉండే చోటి ఆర్టీఏకు తెలపాలి. ఏడాది టైముందని కూర్చుంటే చలాన్లు పాత యజమాని పేరు మీదే పడుతుంటాయి, ఆయన ఫోన్ ఎత్తడం మానేస్తాడు. యాక్సిడెంట్ జరిగితే సంగతి ఇంకా ముదురుతుంది. పాలసీ పాత యజమాని పేరు మీదే ఉండిపోతే, సొంత కారు రిపేరు ఖర్చుకు పెట్టిన క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు.

టీఎస్, టీజీల మధ్య కూడా గందరగోళం ఉంది. 2024 మార్చి 15 నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ ఇస్తున్నారు. అంతకుముందు తీసుకున్న టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి, మార్చుకోనక్కర్లేదు. రేడియం షాపులో వంద, రెండు వందలిచ్చి ‘ఎస్’ తీసి ‘జీ’ అంటించుకున్నా, ఏపీ 39ని టీజీగా మార్పించుకున్నా అది నంబర్ ప్లేట్ ట్యాంపరింగే అవుతుంది. ఆర్సీలో ఏముందో ప్లేటు మీద అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారికి అరబీ అంకెల ప్లేట్లు అలవాటు. ఇక్కడ ఇంగ్లిష్ అక్షరాలు, 1, 2, 3 అంకెలే ఉండాలి. ఉర్దూలో పేరు, చాంద్ తారా బొమ్మ, పక్కన చిన్నగా 786 లాంటివి ప్లేటు మీద కుదరవు. 786 అంత ఇష్టమైతే కొత్త బండికి ఆర్టీఏ ఫ్యాన్సీ నంబర్ల వేలంలో పాడుకోవచ్చు, కాకపోతే పోటీ గట్టిగానే ఉంటుంది.

పొరుగు రాష్ట్రపు బండి కొనేటప్పుడు ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఆర్సీ వివరాలు, లోన్ చూసుకోవాలి. చలాన్లు ఈ-చలాన్ సైటులో తెలుస్తాయి. ఎన్‌ఓసీ అమ్మేవారే తెప్పించి ఇవ్వాలి. అది చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వడం మంచిది.