పడవ వెనక మోకు

పిల్లలూ! మీలో చాలామంది సెలవుల్లో బెజవాడ వెళ్ళే వుంటారు. మన జగ్గయ్యపేటలో బస్సు ఎక్కి, నందిగామ దాటి, కీసర దగ్గర మునేటి వంతెన మీదుగా వెళితే కాసేపటికి కృష్ణ ఒడ్డుకు చేరవచ్చు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీళ్ళు చెరువులాగా నిండుగా నిలిచి వుంటాయి. భవానీ ద్వీపం దగ్గర మోటారు పడవలు తిరుగుతూ వుంటాయి. 2018 నవంబరులో ప్రపంచ దేశాలవాళ్ళు వచ్చి పందెపు పడవలు నడిపింది ఆ నీళ్ళమీదనే.

మోటారు పడవ వున్నచోట ఇంకొక ఆట కూడా పుడుతుంది. పడవ వెనక ఒక మోకు కట్టి, ఆ మోకుకు గాలి నింపిన రబ్బరు గొట్టం తగిలిస్తారు. దానిమీద మనుషులు కూర్చుంటారు. అరటికాయ ఆకారంలో వుంటే దాన్ని బనానా బోటు అంటారు. గోవా వెళ్ళినవాళ్ళు చూసివుంటారు. గొట్టానికి బదులు కాళ్ళకు పలకలు కట్టుకుని, మోకు పట్టుకుని నీటిమీద జారుతూ పోవటం మరొక ఆట. దాని పేరు వాటర్ స్కీయింగ్.

ఆ ఆట ఎట్లా పుట్టిందో చెబుతాను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ అనే పెద్ద సరస్సు ఉన్నది. 1922లో రాల్ఫ్ సామ్యూల్‌సన్ అనే కుర్రవాడికి, మంచుమీద జారినట్టు నీళ్ళమీద ఎందుకు జారకూడదు అనిపించింది. మొదట పీపా చెక్కలు కాళ్ళకు కట్టుకున్నాడు, మునిగాడు. మంచుమీద జారే పలకలు కట్టుకున్నాడు, మళ్ళీ మునిగాడు. చివరకు ఎనిమిదేసి అడుగుల పలకలు రెండు తెచ్చి, వాటి కొసలను వేడినీళ్ళలో ఉడకబెట్టి పైకి వంచాడు. జూలై 2వ తేదీన అతను నీటిమీద నిలబడ్డాడు. మరునాటికి అతనికి పందొమ్మిదేళ్ళు నిండాయి.

నేను మీకు చెప్పదలచింది అతని పలకల గురించి కాదు, మోకు గురించి. అతను మోకు చివర ఒక ఇనుప వలయం పెట్టించి, దాన్ని చేతులతో పట్టుకున్నాడు. పడిపోతున్నప్పుడు ఏం చేశాడు? చేతులు వదిలేశాడు. పడవ తన దారిన పోయింది, అతను నీళ్ళలో మిగిలిపోయాడు. మోకును వదిలించుకునే మొట్టమొదటి సాధనం మన చెయ్యేనన్నమాట! చెయ్యి వదలగలిగినంతసేపూ పెద్ద భయం లేదు.

భయమల్లా వదలటానికి వీలులేనప్పుడే. మోకు చేతికి చుట్టుకుంటే గట్టిగా పట్టుకోవచ్చునని కొంతమంది పిల్లలు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటారు. ఆరితేరిన ఆటగాళ్ళు ఒక కాలిని మోకు చివరనున్న పట్టీలో దూర్చి, ఒంటికాలిమీద గిరగిరా తిరుగుతారు. అట్లాంటివాడు పడితే చేతులు వదిలి లాభం లేదు, కాలు మోకులోనే వుంటుంది. గొట్టం తిరగబడినప్పుడు చున్నీగాని, వదులు బట్టలుగాని మోకులో మెలిపడవచ్చు. కృష్ణలో వేసవిలో ఇసుకమేటలు పైకి తేలతాయి, వలలవాళ్ళు పాతిన గుంజలుంటాయి. లాగబడేది వాటిలో చిక్కుకుంటే పడవకే ప్రమాదం. ముందుకు పోలేక, వెనక్కు రాలేక, దాని వెనకభాగం నీళ్ళలోకి దిగిపోవచ్చు.

సరే, అప్పుడు పడవలోనివాళ్ళు మోకు విప్పేస్తే సరిపోతుంది గదా అంటారు. ఎట్లా విప్పుతారు? ఇందుకు మీరు ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడండి. బావిదగ్గర మాత్రం చేయకండి. పెరట్లో చేతికందే కొమ్మకు, నేలకు జానెడు ఎత్తున, నీళ్ళు నిండిన బకెట్టును తాడుతో మామూలు ముడివేసి కట్టండి. ఇప్పుడు బకెట్టును పైకెత్తకుండా ముడి విప్పటానికి చూడండి. మీ గోళ్ళు నొప్పిపుడతాయేగాని ముడి రాదు. బరువు లాగినకొద్దీ ముడి బిగుసుకుంటుంది. పడవ లాగుతున్న మోకుముడి కూడా అంతే. ఆ తొందరలో కత్తికోసం వెతకటం ఎవరివల్ల అవుతుంది?

ఇప్పుడు రెండోసారి జారుముడితో కట్టండి. ఉరిముడి కాదు సుమా! మన రైతులు గొడ్డు పలుపును గుంజకు కట్టేటప్పుడు, తాడు కొసను పూర్తిగా దూర్చి లాగేయరు. కొసను మడతపెట్టి ఆ మడతనే దూరుస్తారు. గొడ్డు ఎంత గుంజినా అది రాదు, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం వూడి వస్తుంది. మీ బకెట్టు కూడా అట్లాగే ధనేలుమని కింద పడుతుంది. కాళ్ళు దూరంగా పెట్టుకోండి.

బకెట్టు నీళ్ళకు జారుముడి చాలు. పడవ లాగుడుకు చాలదు. ఎందుకంటే నీటి అడ్డు వేగంతోపాటు సమంగా పెరగదు. వేగం రెట్టింపయితే అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. మోకుమీద వందల కిలోల లాగుడు పడ్డప్పుడు జారుముడి కూడా బిగుసుకుపోవచ్చు. అందుకని ఆ ఆటలవాళ్ళు ఒక ప్రత్యేకమైన కొక్కెం వాడతారు. దుకాణాల్లో దాన్ని క్విక్ రిలీజ్ అంటారు. మనం విడుపు కొక్కెం అందాం.

అది ఎట్లా పనిచేస్తుందో వినండి. కొక్కెం మొదట్లో ఒక కీలు వుంటుంది. కొసను ఒక ఉంగరం పట్టి వుంచుతుంది. మోకు లోపల కీలుకు దగ్గరగా తగిలి వుంటుంది. మోకుమీద 120 కిలోల లాగుడు వుందనుకోండి, అది కీలుకు ఒక అంగుళం దూరాన వుందనుకోండి. ఉంగరం ఆరు అంగుళాల దూరాన వుంటే దానిమీద పడే ఒత్తిడి ఆరోవంతు, అంటే 20 కిలోలే! ఉంగరాన్ని పక్కకు జరపటానికి ఆ 20 కిలోలూ ఎత్తనక్కరలేదు, రాపిడిని దాటితే చాలు. ఒక చిన్న తాడుతో చేత్తో గుంజవచ్చు. ఉంగరం జరగగానే, ఇంతవరకు పట్టుకుని వున్న కొక్కేన్ని మోకు లాగుడే తెరిచేస్తుంది. మనల్ని బాధిస్తున్న బలమే మనల్ని విడిపిస్తుందన్నమాట. బడిలో తులాదండం పాఠం చదివినవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. మిగతావాళ్ళు గుమ్మం తలుపును కీలు దగ్గర తోసి, తరవాత అంచు దగ్గర తోసి చూడండి.

ఇట్లాంటి కొక్కెం కొనేవాళ్ళు, అంటే మీ అమ్మా నాన్నా కాదు, పడవలవాళ్ళు, ముఖ్యంగా ఒక్కటి చూడాలి. అది వట్టి చేతిలో తెరుచుకోవటం గొప్ప కాదు. బరువు లాగుతున్నప్పుడు తెరుచుకోవాలి. ఒక బలమైన మనిషిని మోకు చివర వేలాడమని గుంజి చూస్తే తెలిసిపోతుంది. కృష్ణ ఇసుక కీలులో చేరితే ఎంత ఖరీదైన కొక్కెమైనా మొరాయిస్తుంది, రోజూ మంచినీళ్ళతో కడగాలి. గుంజే తాడు పడవ నడిపేవాడి చేతిలో వుండకూడదు. అతని చూపు ముందుకు వుంటుంది. వెనక్కు తిరిగి కూర్చుని, ఆటగాడిమీదనుంచి కన్ను తిప్పని రెండో మనిషి వుండాలి. ఆ రెండో మనిషి లేకపోతే మంచి కొక్కెమూ దండగే.

మోకు సంగతి కూడా కొంచెం చెప్పాలి. నైలాన్ మోకు బలమైనదే, కాని సాగుతుంది, నీట మునుగుతుంది. సాగిన మోకు తెగితే కొరడాలాగా వెనక్కు వచ్చి కొడుతుంది. పాలీప్రొపిలీన్ మోకు నీటికన్న తేలిక, పైకి తేలి కనబడుతుంది గనక మోటారు రెక్కల్లో చిక్కుకోవటం తక్కువ. అమెరికాలో ఈ సామాను తయారుచేసేవారి సంఘం ఒక లెక్క పెట్టింది. ఒక్కరు కూర్చునే గొట్టానికి సుమారు 680 కిలోల లాగుడుకు తట్టుకునే మోకు, ఇద్దరికి 1,080, ముగ్గురికి 1,520 కిలోలు. పొడుగు 50 అడుగులకు తగ్గకుండా, 65 అడుగులకు మించకుండా వుండాలి. ఒక మనిషి యాభై కిలోలేగదా, ఇంత మోకు ఎందుకు అనుకోకండి. గొట్టం అలమీదనుంచి ఎగిరి నీళ్ళను తాకినప్పుడు పడే కుదుపు మనిషి బరువుకు ఎన్నో రెట్లు వుంటుంది.

పట్టుకోవలసిన మోకు వదిలితే ఏమవుతుందో మన జిల్లావాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో వరద వచ్చి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. ఎగువన కట్టివుంచిన పెద్ద పడవలు కొట్టుకువచ్చి గేట్లకు గుద్దుకున్నాయి, కాంక్రీటు దిమ్మెలు దెబ్బతిన్నాయి. కట్టేసిన పడవ మోకు ఎంతకూ వదలకూడదు. మనిషిని లాగే మోకు అడిగినప్పుడు వదలాలి. ఒకే మోకు, రెండు పనులు!

ఇక లైఫ్ జాకెట్టు. నీళ్ళలో మన శరీరం దాదాపు తేలేటంత తేలికగా వుంటుంది, తల బయట వుంచటానికి కొద్ది కిలోల ఎత్తుబలం వుంటే చాలు. జాకెట్టులోని బెండులాంటి పదార్థం ఆ పని చేస్తుంది. పెద్దవాళ్ళ జాకెట్టుమీద 50 న్యూటన్లు అని రాసివుంటే సుమారు 5 కిలోల ఎత్తుబలం అని అర్థం. అది ఈత వచ్చినవాళ్ళకు. 100 న్యూటన్లది, అంటే సుమారు 10 కిలోలది, స్పృహ తప్పినవాణ్ణి కూడా మామూలుగా మొహం పైకి వుండేటట్టు తిప్పుతుంది. దెబ్బ తగలకుండా తొడుక్కునే మెత్తటి కోట్లు కొన్ని ఇట్లాగే కనబడతాయి, వాటిలో కొన్ని తేల్చవు. పేరు చూసి మోసపోకూడదు.

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం పక్కన, పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామందికి ఒంటిమీద జాకెట్టు లేదు. అది ఆటలపడవ కాదు, వేగంగా పోయే పడవా కాదు. 2022 జనవరిలో మన నందిగామ దగ్గరే, ఏటూరులో, మునేట్లో దిగిన అయిదుగురు బడిపిల్లలు ఇంటికి తిరిగిరాలేదు. వాళ్ళ వెనక మోకూ లేదు, పడవా లేదు. ఈత నేర్చుకోకుండా నీటి ఆటల గురించి మాట్లాడటం నాకు ఇష్టంలేదు. కాని ఈత వచ్చినవాడు కూడా గొట్టంమీదనుంచి పడి తలకు దెబ్బ తగిలితే ఈదలేడు. జాకెట్టు అందుకే.

జాకెట్టు సరిపోయిందో లేదో చూడటానికి ఒక ఉపాయం ఉన్నది. పట్టీలన్నీ బిగించి చేతులు పైకెత్తండి. వెనకనుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్టు గడ్డందాకా, చెవులదాకా వస్తే అది మీది కాదు. నీళ్ళలో పడితే జాకెట్టు తేలుతుంది, మీరు దాని కిందనుంచి జారిపోతారు! చిన్నపిల్లల జాకెట్టుకు కాళ్ళ మధ్యగా వచ్చే పట్టీ కూడా వుండాలి.

పడవ ఎక్కేముందు సైగలు కూడా అనుకోవాలి, మోటారు చప్పుడులో కేకలు వినబడవు. బొటనవేలు పైకి అంటే వేగం పెంచమని, కిందికి అంటే తగ్గించమని. చెయ్యి మెడకు అడ్డంగా జరిపితే ఆపమని. నీళ్ళలో పడినవాడు రెండు చేతులూ తలపైన కలిపితే క్షేమంగా వున్నానని. పడినవాణ్ణి ఎక్కించుకునేటప్పుడు మోటారు పూర్తిగా ఆపాలి, తిరుగుతున్న రెక్కలు కత్తులతో సమానం. పడవ నడిపేవాడి మణికట్టుకో, కాలికో ఒక చిన్న తాడు తగిలించి వుంటే చూడండి. అతను పడిపోతే ఆ తాడు ఊడి మోటారు దానంతట అదే ఆగిపోతుంది. అది లేని పడవ వెనక నేనైతే కూర్చోను.

నేను బడి నడుపుతున్న రోజుల్లో ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని విహారానికి నీళ్ళున్న చోటికి తీసుకువెళ్ళాను. ఏ వూరో, ఎవరి పడవలో చెప్పను. ఇచ్చిన జాకెట్లు అన్నీ పెద్దవాళ్ళవి. సగం వాటికి క్లిప్పులు విరిగి, పట్టీలను ముడివేసివున్నాయి. గొట్టం లాగే మోకును పడవ వెనక ఇనుపకమ్మీకి నాలుగు ముళ్ళు వేసి కట్టారు. విప్పవలసివస్తే ఎట్లా అని అడిగాను. "ఎందుకు విప్పుతామండీ, గట్టిగా కట్టాం," అన్నాడు పడవాయన, నాకేమీ తెలియదన్నట్టు. నేను పిల్లల్ని ఎక్కనివ్వలేదు. డబ్బు కూడా అప్పటికే కట్టేశాం, తిరిగిరాలేదు. తిరుగుదారిలో నందిగామ వచ్చేదాకా బస్సులో ఒక్కడూ నాతో మాట్లాడలేదు. ఒక పిల్ల మాత్రం, "మేస్టారూ, మళ్ళీ ఏడన్నా తీసుకెళతారా?" అని అడిగింది. సరేనన్నాను.

మరుసటి యేడు వేరే చోటికి తీసుకువెళ్ళాను. అక్కడ విడుపు కొక్కెం వుంది. అడిగితే పడవాయన సంతోషంగా నాలుగుసార్లు గుంజి చూపించాడు. మా పిల్లలు ఒకరి జాకెట్టు ఒకరు పైకి లాగి పరీక్షించుకున్నారు. అందరికీ సరిపోయాయి, ముగ్గురికి తప్ప. ఆ ముగ్గురూ మరీ చిన్న ఒళ్ళు. మిగతావాళ్ళు కేకలు వేస్తూ నీళ్ళమీద తిరుగుతుంటే, ఆ ముగ్గురూ నేనూ ఒడ్డున కూర్చుని జామకాయలు తిన్నాం. ఉప్పూ కారం వాళ్ళే తెచ్చారు.